రొట్టె మీద ఒట్టు

జుమాదిల్ నిలబడి టీ తాగడం ఎప్పుడు మొదలుపెట్టాడో కాలిపాకి సరిగ్గా గుర్తులేదు. మంచు కరిగే రోజుల్లో అనుకుంటుంది. అప్పటిదాకా బాసింపట్టు వేసుకుని గిన్నె తర్వాత గిన్నె లాగించిన మనిషి, ఉన్నట్టుండి కిటికీ దగ్గర నిలబడి, దొడ్లో గుర్రాలను చూస్తున్నట్టు నటిస్తూ తాగడం మొదలుపెట్టాడు. కూర్చోవయ్యా అంటే నడుం పట్టేసిందనేవాడు. గుర్రమెక్కితే రికాబుల మీద నిలబడే పోయేవాడు. పందెపు గుర్రాలకు శిక్షణ ఇవ్వడమే వృత్తిగా బతికినవాడు, నడక రాకముందే జీను మీద కూర్చున్నవాడు, ఇప్పుడు జీను కంటపడితే మొహం చిట్లించుకునేవాడు.

బట్టలు ఉతికేది కాలిపాయే కదా. లోపలి బట్టల మీద ఎర్రటి మరకలు చూసి ఇదేమిటని అడిగింది.

"బీట్‌రూట్ తిన్నా" అన్నాడు.

ఆ ఇంట్లో చలికాలం దాటాక బీట్‌రూట్ వండిందే లేదు. వండేది కూడా కాలిపాయే.

"మొలలేమోనయ్యా. ఒకసారి రోజాకి చూపించరాదూ?" అంది మెల్లగా.

అంతే, ఇంతెత్తున లేచాడు. ఊళ్ళో ఆరోగ్య కేంద్రం నడిపే రోజా అతనికి మేనకోడలి వరస. "మామా మామా అని పిలిచే పిల్ల ముందు లాగు విప్పమంటావా? నీకు సిగ్గూ శరం ఏమైనా ఉందా?" అని అరిచి, తలుపు ధడేలున వేసి గుర్రాల దగ్గరికి పోయాడు. మొలలు ఎక్కడికీ పోలేదు. మర్నాడు కూడా నిలబడే టీ తాగాడు.

నిజానికి అతని భయం రోజా గురించి కాదు. ఆ సంగతి కాలిపాకి తెలుసు. భయమల్లా తురార్ గురించి.

కిర్గిజ్ ఊరు ఏదైనా అంతే, వాళ్ళ ఊరు కోక్-జార్ ఇంకాస్త ఎక్కువ. అక్కడ ఒకసారి పేరు పడిందంటే చచ్చినా వదలదు. అసాన్ ఎప్పుడో కుర్రతనంలో ఒక పెళ్ళిలో పులిసిన గుర్రప్పాలు తెగ తాగి, తన గుర్రమే అనుకుని పొరుగువాడి గాడిదనెక్కి పందేనికి సై అన్నాడు. ఆ గాడిద చచ్చి మట్టిలో కలిసిపోయింది. అసాన్‌కి గడ్డం నెరిసింది, హజ్‌కి కూడా పోయొచ్చాడు. ఇప్పటికీ అతను గాడిద అసానే, అతని మనవలు గాడిద అసాన్ మనవలే. ఆ పేరు పెట్టింది తురార్. ఊళ్ళో సగం పేర్లు తురార్ పెట్టినవే. తురార్, జుమాదిల్ ఒకే ఈడువాళ్ళు, కలిసి పెరిగినవాళ్ళు. ఈడువాళ్ళ మధ్య వేళాకోళానికి అక్కడ హద్దంటూ లేదు, కోపం తెచ్చుకున్నవాడు ఓడిపోయినట్టే లెక్క. తురార్ నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున అతని చెవిన పడింది మధ్యాహ్నానికల్లా ఏటి అవతల ఊరికి చేరుతుంది.

అలాంటి తురార్ కారెక్కి, పందేలు దగ్గర పడుతుండగా ఒకరోజు జుమాదిల్ పట్నం బయలుదేరాడు. జీను కుట్టించుకుని రావాలన్నాడు. సాయంత్రానికి తిరిగొచ్చాడు, కారులోంచి పక్కకు వాలిపోయి దిగాడు, జీను కుట్టేవాడు దొరకలేదన్నాడు.

"దొరికితే మాత్రం ఏం కుడతాడు? జీను గోడకే వేలాడుతోంది" అంది కాలిపా.

జుమాదిల్ గోడ వైపు చూశాడు. జీనును అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాడు. "మర్చిపోయా" అని పరుపు మీద బోర్లా పడుకున్నాడు. కాలిపాకి ఒళ్ళు మండింది. కానీ ముసలి మగవాళ్ళిద్దరూ పట్నం పోయి ఏం వెలగబెట్టారో తవ్వి తీసే ఓపిక ఆ పూట లేదు. పిండి పులిసి ఉంది, రొట్టెలు కాల్చుకోవాలి.

మర్నాడు బాగానే ఉన్నాడు. ఆ మర్నాడు గుర్రాల దగ్గరికి కూడా పోయాడు. వచ్చి అన్నం ముట్టలేదు. తెల్లారేసరికి ఒళ్ళు కాలిపోతోంది, పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. పొత్తికడుపు పట్టుకుని ఒకటే మూలుగు. నాలుగుసార్లు దొడ్లోకి పోయొచ్చాడు. ఒక్క చుక్క రాలేదు.

"ఎక్కడయ్యా నొప్పి? అక్కడేనా?" అని అడిగింది.

"ఎక్కడ? ఏ అక్కడ? కిడ్నీలు! గుర్రాల దగ్గర తడినేల మీద నడుం వాల్చా, చలి పట్టింది. నీకు ఎప్పుడూ అక్కడి గొడవే!"

మొలలకి జ్వరమెందుకొస్తుంది, నీళ్ళెందుకు ఆగిపోతాయి? కాలిపాకి కూడా కిడ్నీలే అనిపించింది. పరుగున పోయి రోజాని పిలుచుకొచ్చింది.

రోజా వేడి చూసింది, నాడి పట్టుకుంది, కడుపు మీద చెయ్యి వేయబోతే జుమాదిల్ దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు.

"మామా, ఈమధ్య ఎక్కడైనా చూపించుకున్నావా? సూదిగానీ, కోతగానీ, ఏదైనా?"

"లేదు."

"పట్నం పోయొచ్చావంటగా మొన్న?"

"జీను కోసం."

కాలిపా గోడ వైపు చూసింది. ఆ జీను మీద ఆమెకి పీకలదాకా ఉంది.

"నాకేం బాగా అనిపించట్లేదు మామా. నాడి మరీ గుర్రమల్లే పరిగెడుతోంది. పట్నం తీసుకుపోదాం" అంది రోజా.

"పందేలు పెట్టుకుని పట్నమా? మాత్ర ఇచ్చి పోవే తల్లీ. చలి పడితే ఎవరైనా చచ్చారా?"

రోజా మాత్రలిచ్చింది, మధ్యాహ్నానికి తగ్గకపోతే ఆయన మాట వినొద్దని గుమ్మం దగ్గర కాలిపా చెవిలో చెప్పింది. వినొద్దంటే సరిపోతుందా? అంతటి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషిని మూటకట్టి ఎత్తుకుపోవడం ఎవరి తరం?

ఇంతలో పొరుగింటి బురుల్ అపా వచ్చింది. ఆమెకి వయసెంతో ఆమెకే తెలీదు, మందులు మాత్రం అన్నీ తెలుసు. "కిడ్నీలకి చలి పడితే గొర్రెతోలుని మించింది లేదే అమ్మాయ్. అప్పుడే ఒలిచిన వేడి తోలు నడుముకి చుట్టు. చెమట పట్టి రోగం దిగిపోతుంది" అంది. గాడిద అసాన్ వచ్చి గొర్రెను కోశాడు. ఆవిర్లు కక్కుతున్న తోలును జుమాదిల్ నడుముకి చుట్టారు. ఇంకాస్త కిందికి లాగుదామని బురుల్ అపా చెయ్యి వేస్తే, "కిందికొద్దు! కిందికొద్దు!" అని కేక పెట్టాడు. ఇల్లంతా నెత్తురు వాసన, ఉన్ని వాసన. మనిషికి చెమట పట్టింది నిజమే. రోగం మాత్రం దిగలేదు. మొహం బూడిదరంగుకి తిరిగింది.

కాలిపా అప్పటికి మూడుసార్లు పట్నం మాటెత్తింది. మూడుసార్లూ కసిరించుకుంది.

తురార్ వచ్చింది అప్పుడే. మామూలుగా అయితే వీధిలో ఉండగానే అతని గొంతు వినబడుతుంది. గొర్రెతోలు చుట్టుకుని పడుకున్న జుమాదిల్‌ని చూస్తే అతను ఎన్నెన్ని మాటలనాలి! పొట్టేలుకి జ్వరమొచ్చిందా అనాలి, ఈ ఏడు నీ ఉన్ని ఎంతకి అమ్ముతావు అనాలి. తురార్ ఏమీ అనలేదు. గుమ్మం దగ్గర టోపీ తీసి నలుపుకుంటూ నిలబడ్డాడు. కాలిపా అలవాటుగా రొట్టె పళ్ళెం ముందుకు జరిపింది. ఇంటికొచ్చినవాడు ఎంత తొందరలో ఉన్నా కాస్త తుంచి నోట్లో వేసుకోకుండా పోడు. తురార్ రొట్టె వైపు చూసి, చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఎలా ఉంది?" అన్నాడు మంచం వైపు చూడకుండా.

"కళ్ళున్నాయిగా, చూడు."

"పట్నం తీసుకుపోదాం వదినా. కారు తెచ్చా."

"నేనూ పొద్దున్నుంచి అదే మొత్తుకుంటున్నా. కిడ్నీలేనంటాడు, కదలనంటాడు."

"కిడ్నీలు కాదేమో" అని గొణిగి, అంతలోనే నాలుక కరుచుకున్నాడు.

కాలిపా అతని రెక్క పట్టుకుని దొడ్లోకి లాక్కుపోయింది. ఒలిచిన గొర్రె ఇంకా దూలానికి వేలాడుతోంది.

"నీకేదో తెలుసు."

"నాకేం తెలుసు? ఏం తెలీదు."

"మరి కిడ్నీలు కాదని ఎందుకన్నావ్?"

"ఊరికే అన్నా. తీసుకుపోదాం, అంతే."

"అంతే అంటే ఎంతే? డాక్టరు ఏమైందంటే ఏం చెప్పాలి? తడినేల మీద పడుకున్నాడని చెప్పనా?"

తురార్ బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. కాలిపాకి నెత్తి బాదుకోవాలనిపించింది. ఊళ్ళో ఎవరి కోడలు అలిగిందో, ఎవరి ఆవు ఈనిందో, ఎవరు ఎవరింటి ముందు ఎంతసేపు నిలబడ్డారో అడక్కుండానే చెప్పే మనిషి ఇవాళ అడిగినా నోరు విప్పడే! పుట్టి బుద్ధెరిగాక నోరు మూసుకోవడం ఇదే మొదటిసారి. మూసుకోవడానికి రోజే దొరకలేదా ఇతనికి?

మళ్ళీ లోపలికి లాక్కొచ్చి మంచం ముందు నిలబెట్టింది. "మీరిద్దరూ నా ముందే మాట్లాడుకోండి. మొన్న పట్నంలో ఏం జరిగింది?"

జుమాదిల్ కళ్ళు తెరిచాడు. జ్వరంతో ఎర్రబడ్డ కళ్ళు, అయినా వాటిలో బెదిరింపు ఉంది. "తురార్" అన్నాడు. "రొట్టె గుర్తుందా?"

తురార్ తల వంచుకున్నాడు. కాలిపాకి ఒక్కసారిగా అర్థమైంది. ఈ మహానుభావులిద్దరూ రొట్టె మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నారు. ఖురాను మీద ఒట్టేసి తప్పినవాళ్ళు ఆ ఊళ్ళో ఉన్నారు గానీ రొట్టె మీద ఒట్టు తప్పినవాడు లేడు. కిందపడ్డ ముక్కను కళ్ళకద్దుకుని గట్టు మీద పెట్టే మనుషులు వాళ్ళు. ఒట్టు తప్పితే రొట్టె కొడుతుందని, పైగా మనిషిని కాదు, వాడి పిల్లలనూ మందనూ కొడుతుందని చిన్నప్పటినుంచీ విన్నవాళ్ళు.

ఈసారి దొడ్లోకి పోతూ పళ్ళెంలోంచి ఒక రొట్టె తీసుకుపోయింది. తురార్ వెనకే వచ్చాడు, రాక తప్పలేదు.

"ఒట్టేశావా?"

"వేశా వదినా. వాడే వేయించాడు. నా నోటి సంగతి వాడికి తెలుసుగా. రొట్టె నా చేతిలో పెట్టి, చచ్చినా చెప్పనని అనిపించుకున్నాడు. చెప్తే రొట్టె కొట్టుగాక అని కూడా అనిపించుకున్నాడు. నాకు మనవలున్నారు వదినా. నిన్న రాత్రి ఒంట్లో బాగోక చంటిది ఏడుస్తుంటే, నేనింకా చెప్పలేదు కదా, మనసులో అనుకున్నందుకేనా అని హడలిపోయా."

కాలిపా రొట్టెను అతని మొహం ముందు పెట్టింది.

"ఇది ఎవరు కాల్చారు?"

"నువ్వే."

"పెళ్ళయి వచ్చినప్పటినుంచీ కాలుస్తున్నా. పొయ్యి దగ్గర చేతులు కాల్చుకున్నది నేను. పిండి పిసికింది నేను. దాని సంగతి మీ ఇద్దరికంటే నాకు బాగా తెలుసు." రొట్టెను నుదుటికి ఆనించుకుంది. "కొట్టేదుంటే నన్ను కొట్టనీ. నీ మనవల జోలికి పోవద్దని, నీ మాట నేను మోస్తానని చెప్తున్నా. విన్నావుగా? ఇప్పుడు చెప్పు."

తురార్ రొట్టె వైపు చూశాడు. అయినా పెదవి కదపలేదు. లోపల్నుంచి జుమాదిల్ మూలుగు వినబడింది. మామూలు మూలుగు కాదు, కాలు విరిగిన గుర్రం పెట్టే చప్పుడు. ఆ చప్పుడేమిటో తురార్‌కీ తెలుసు.

"రబ్బరు" అన్నాడు.

"ఏం రబ్బరు?"

"మొలలకి. పట్నంలో చూపించుకున్నాడు. కోతా కుట్టూ ఏమీ లేదు. చిన్న రబ్బరు ఉంగరం తెచ్చి మొల మొదట్లో బిగించేశారు. దానంతట అది ఎండి రాలిపోతుందంట. చిటికెలో అయిపోయింది. నేను బయట సిగరెట్టు వెలిగించేలోపే వచ్చేశాడు."

"మరి ఈ జ్వరం?"

"డాక్టరమ్మ నన్ను కూడా లోపలికి పిలిచి చెప్పింది. వెంట వచ్చినవాళ్ళకి చెప్పాలంట. ఏమీ కాదంది. కానీ వేలల్లో ఒకళ్ళకి లోపల పుండుపట్టి ఆ విషం ఒళ్ళంతా ఎక్కుతుందంట. నొప్పి తగ్గకుండా పెరిగినా, జ్వరమొచ్చినా, నీళ్ళు ఆగిపోయినా ఇంట్లో గంట కూడా ఉంచొద్దంది. పొద్దూ మాపూ చూడకుండా తీసుకొచ్చేయమంది."

నొప్పి. జ్వరం. నీళ్ళు ఆగడం. మూడూ లోపల మంచం మీద పడి ఉన్నాయి, పైన గొర్రెతోలు కప్పుకుని.

"జ్వరమని నీకెప్పుడు తెలిసింది?"

తురార్ దూలానికి వేలాడుతున్న గొర్రె వైపు తిరిగాడు.

"ఎప్పుడు తెలిసిందయ్యా?"

"నిన్న. గుర్రాల దగ్గర వణుకుతూ కనబడ్డాడు. పోదాం పదరా అన్నా. రొట్టె అన్నాడు."

కాలిపా చేతిలో ఉన్నది రొట్టె కాబట్టి తురార్ బతికిపోయాడు. ఇంకేదున్నా అతని మొహాన పడేది.

తర్వాత అంతా చకచకా జరిగిపోయింది. కాలిపా లోపలికి పోయి గొర్రెతోలు ఊడబెరికి మూలకి విసిరేసింది. "రబ్బరుట!" అంది. అంతకంటే మాట రాలేదు. జుమాదిల్‌కి సంగతి తెలిసిపోయింది. లేచి కొట్టే ఓపిక లేదు గానీ తురార్‌ని చూసి "ద్రోహీ" అన్నాడు. "ఇంకెప్పుడూ నా గుమ్మం తొక్కకు" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని చంకల కింద చేతులు వేసి ఎత్తుతున్నది తురారే. కాళ్ళు పట్టుకున్నది గాడిద అసాన్.

గుమ్మం దాటుతుండగా కాలిపా ఆపింది. ఇందాకటి రొట్టె ఇంకా చేతిలోనే ఉంది. దూరం పోయేవాడు రొట్టె కొరికి పోవాలి. మిగిలింది ఇంట్లో కట్టి ఉంచితే తిరిగొచ్చి తింటాడు. సైన్యానికి పోయే కుర్రాళ్ళందరూ అలాగే పోతారు.

"కొరుకు."

జుమాదిల్ దవడలు బిగించాడు.

"కొరకవయ్యా! నీ కోపం సంగతి తిరిగొచ్చాక చూసుకుందాం. ముందు తిరిగొచ్చే దారి చూసుకో."

కొరికాడు. ఆ కొరకడంలోనూ కసి ఉంది, పెద్ద ముక్కే ఊడొచ్చింది. నమల్లేక బుగ్గన పెట్టుకునే కారెక్కాడు. కాలిపా మిగిలిన రొట్టెను తువ్వాలులో చుట్టి, గోడకున్న మేకుకి కట్టింది. పక్క మేకుకి ఆ పాడు జీను.

పట్నం ఆసుపత్రిలో రబ్బరు అన్న మాట చెవిన పడగానే పెద్ద డాక్టరు మొహం మారిపోయింది. ఇంకేమీ అడగలేదు, బండి మీద తోసుకుంటూ లోపలికి తీసుకుపోయారు. కిడ్నీలని చెప్పి ఉంటే కిడ్నీలే చూస్తూ పొద్దు గడిపేవాళ్ళమని తర్వాత అన్నాడు. ఇన్నేళ్ళలో ఇలాంటిది తను చూడటం ఇదే మొదటిసారని కూడా అన్నాడు. తప్పు రబ్బరుదీ కాదట, వేసిన డాక్టరమ్మదీ కాదట. ఎక్కడో ఎవరికో అలా అవుతుందట.

"నిన్న తెచ్చి ఉంటే బహుశా సూదిమందులతో పోయేది. ఇప్పుడు కుళ్ళిన చోటల్లా తీసేశాం. అది మానాలంటే కొన్నాళ్ళు మలం అటు పోకూడదు. అందుకని పేగును కడుపు మీదికి తిప్పి సంచీ కట్టాం. బతుకుతాడా అంటే ఇప్పుడే చెప్పలేను. ఎందుకమ్మా ఇంత ఆలస్యం చేశారు?"

ఆ ప్రశ్న అందరూ ఆమెనే అడిగారు. డాక్టరు అడిగాడు, నర్సు అడిగింది, పక్క మంచం వాళ్ళావిడ అడిగింది. ఫోనులో తన కూతురు ఏడుస్తూ అడిగింది. కాలిపా ఏం చెప్పాలి? మీ నాన్నకి మొలలు, ఆయన స్నేహితుడికి రొట్టె అని చెప్పాలా? వరండా చివర తురార్ గోడకి చేరగిలి కూర్చుని ఉండేవాడు. రోజూ వచ్చేవాడు. ఆమె పలకరించలేదు. కానీ అతను తెచ్చిన వేడి సూపు మాత్రం తాగింది, ఆకలి ఊరుకోదు కదా.

జుమాదిల్ బతికాడు. ఇంటికొచ్చేసరికి కొండల మీద మంచు పడింది. పందేలు ఎప్పుడో అయిపోయాయి, అతని గుర్రాలు వేరేవాళ్ళ చేతుల్లో పరిగెత్తి ఓడిపోయాయి. సగం మనిషయ్యాడు. చొక్కా కింద సంచీ. వసంతానికి మళ్ళీ కోసి పేగును యథాస్థానంలో పెడతామన్నారు, అప్పటిదాకా గుర్రం మాట ఎత్తొద్దన్నారు. ఒక చిన్న సంగతి దాచబోయి, ఇప్పుడు రోజూ పెళ్ళాం చేత కడిగించుకోవాల్సిన సంగతి తెచ్చుకున్నాడు. రోజా వచ్చి కట్టు మారుస్తుంటే కళ్ళు మూసుకుని గోడవైపు తిరిగేవాడు. లాగు విప్పనన్న మనిషి.

ఇన్ని జరిగినా తురార్ మీద కోపం మాత్రం తగ్గలేదు. "ఒట్టు తప్పాడు" అనేవాడు. "ఇప్పుడు ఊరంతా తెలిసిపోయింది."

"తెలియకపోతే ఊరంతా నిన్ను పాతిపెట్టి వచ్చేది" అనేది కాలిపా. వినేవాడు కాదు. అదేమిటో, చావు తప్పిందన్న సంతోషం కంటే పేరు పడుతుందన్న బెంగే అతనికి ఎక్కువగా ఉంది. చిత్రమేమంటే తురార్ ఏ పేరూ పెట్టలేదు. ఊరు చెవులు రిక్కించుకుని కూర్చుంది, తురార్ నోరు మెదపలేదు. పెళ్ళిళ్ళకి పోవడం మానేశాడట. ఎవరింట్లోనూ రొట్టె ముట్టడం లేదట, బంగాళాదుంపలతో కడుపు నింపుకుంటున్నాడట.

బతికి బయటపడ్డందుకు గొర్రెను కోసి ఊరి పెద్దలకి భోజనం పెట్టిన రోజున, తురార్ రాలేదు. కాలిపా వంట మధ్యలో చేతులు తుడుచుకుని, వాళ్ళింటికి పోయి, పొయ్యి ముందు కూర్చున్నవాడిని చొక్కా పట్టుకుని తీసుకొచ్చింది. దారిలో ఎదురైనవాళ్ళు పక్కకి తప్పుకున్నారు. ఇంట్లోకి తోసి, జుమాదిల్ ఎదురుగా కూలేసింది.

జుమాదిల్ మొహం తిప్పుకున్నాడు. "వీడి నోట నా ఇంటి రొట్టె పడకూడదు."

"పడదులే" అన్నాడు తురార్. "నేను రొట్టె ముట్టను."

"ముట్టవు! ఎందుకు ముడతావు? ఒట్టు తప్పినవాడివి!"

"ఒట్టు తప్పినందుకు కాదురా." తురార్ తల ఎత్తాడు. కళ్ళనిండా నీళ్ళున్నాయి. "ఒకరోజంతా దాన్ని పట్టుకుని కూర్చున్నందుకు. కొట్టింది, నిజమే. కానీ నన్ను కాదు కొట్టింది. నిన్ను కొట్టింది. ఆ ముందురోజే తప్పి ఉంటే నీకా సంచీ ఉండేది కాదు."

కాలిపా లేచి మేకుకున్న తువ్వాలు విప్పింది. రొట్టె రాయిలా ఎండిపోయింది. జుమాదిల్ కొరికిన చోట పళ్ళ గాట్లు అలాగే ఉన్నాయి. మోకాలికి ఆనించి రెండుగా విరిచింది, కర్ర విరిగినట్టు చప్పుడైంది. ఒక ముక్క మొగుడి ముందు, ఒక ముక్క తురార్ ముందు పెట్టింది.

"ఇది ఇతను తిరిగొచ్చి తినాలని కట్టింది. నువ్వు నోరు తెరవకపోతే ఇంకా అక్కడే వేలాడేది. ఇతని సంవత్సరీకం నాడు దింపుకునేదాన్ని. రొట్టె ఎవర్నీ కొట్టలేదు. రొట్టె తినడానికి. మీరిద్దరూ దాన్ని పట్టుకెళ్ళి మీ సిగ్గుకి తాళం వేశారు. తినండి. ఇద్దరూ. నేను చూస్తుండగా తినండి!"

ఆమె గొంతు అంతలా లేవడం పెద్దలెవరూ వినలేదు. గాడిద అసాన్ ఎందుకైనా మంచిదని తన పళ్ళెంలోది కూడా తినడం మొదలుపెట్టాడు.

జుమాదిల్ ముక్క తీసుకున్నాడు. తురార్ తీసుకున్నాడు. టీలో ముంచారు. నానలేదు. మళ్ళీ ముంచారు. దవడలు నొప్పెట్టేలా నమిలారు, ఇద్దరికీ ఉన్న పళ్ళు అంతంతమాత్రం. చాలాసేపు ఆ నమలడమే వినబడింది.

చివరికి జుమాదిలే అడిగాడు, గిన్నెలోకి చూస్తూ. "ఏం పేరు పెట్టావురా?"

"పెట్టలేదు."

"అబద్ధాలాడకు. నీ సంగతి నాకు తెలీదా? ఆ రోజు ఆసుపత్రి మెట్లు దిగకముందే పెట్టుంటావు. అందుకేగా నీ చేత ఒట్టు వేయించా."

తురార్ కాలిపా వైపు చూశాడు, పెద్దల వైపు చూశాడు. చెప్పనా వద్దా అని నీళ్ళు నమిలాడు.

"రబ్బరు జుమాదిల్" అన్నాడు.

ముందు గాడిద అసాన్ ఫక్కుమన్నాడు, ఇన్నేళ్ళకి తోడు దొరికినవాడిలా. తర్వాత ఇల్లంతా నవ్వింది. జుమాదిల్ కోపం తెచ్చుకుందామని చూశాడు, కుదర్లేదు. సంచీ కదలకుండా రెండు చేతులతో పొట్ట పట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా నవ్వాడు. "అంతేనా? నువ్వింకా ఏదో గొప్పది పెడతావనుకున్నా" అన్నాడు.

కాలిపా నవ్వలేదు. ఖాళీ టీకెటిల్ పట్టుకుని దొడ్లోకి పోయింది. గొర్రెను వేలాడదీసిన దూలాన్ని పట్టుకుని నిలబడింది. లోపల్నుంచి నవ్వులు వస్తూనే ఉన్నాయి. రబ్బరు జుమాదిల్. దీనికోసం. ఈ ఒక్క మాట పడకూడదని ఆ మనిషి చావడానికి సిద్ధపడ్డాడు, తనని విధవని చేయడానికి సిద్ధపడ్డాడు. పేరు పడింది. ఆకాశం విరిగి మీద పడలేదు, ఎవరో ఇంకో గిన్నె టీ అడుగుతున్నారు.

"వస్తున్నా!" అని అరిచి, మొహం తలగుడ్డ కొసతో తుడుచుకుంది.

కెటిల్ నింపుకుని తిరిగేసరికి తలుపు దగ్గర గాడిద అసాన్ నిలబడి ఉన్నాడు. అటూ ఇటూ చూసి, టోపీ సర్దుకుని, గొంతు బాగా తగ్గించాడు.

"కాలిపా, ఆ పట్నం డాక్టరమ్మ ఉండేది ఏ వీధి? నాక్కాదు. తెలిసినవాళ్ళెవరో అడిగారు."

కాలిపా కెటిల్ నేల మీద పెట్టింది. నడుమున చేతులు పెట్టుకుని, లోపలున్న పెద్దలందరికీ వినబడేలా, వీధిలో పోయేవాళ్ళకీ వినబడేలా అడిగింది.

"అసాన్, నువ్వు ఎన్నాళ్ళ నుంచి నిలబడి టీ తాగుతున్నావు?"